శనగగింజంత గ్రంథి

మా మేనత్త దీనమ్మ చనిపోయిన పదకొండో రోజున ఊరి చర్చిలో ఆదరణ కూడిక పెట్టారు. నేను కడపలో బస్సెక్కి, నంద్యాలలో దిగి, ఆత్మకూరు బస్సు పట్టుకుని, అక్కణ్నుంచి ఆటోలో ఊరు చేరేసరికి పాటలు అయిపోయి సాక్ష్యాలు మొదలైనాయి. ఎనభై దాటి బతికిన మనిషి కాబట్టి చెప్పేవాళ్లకు కొదవ లేదు. చివర్న మా తమ్ముడు సామేలు లేచాడు. హెడ్మాస్టరు పని చేస్తున్నవాడు, నలుగురిలో మాట్లాడడం తెలిసినవాడు. "నన్ను కన్నతల్లి వేరే. నా చిన్నతనంలో ఆమె మంచం దిగిందే తక్కువ. నాకు పాలియ్యలేదు, ఎత్తుకోలేదు, ఆమెకు పిల్లల మీద ధ్యాసే ఉండేది కాదు. తర్వాత కర్నూలు పోయి మందులు తిని మారింది గానీ, అప్పటికి నేను పెద్దోణ్నయిపోయినా. నన్ను పెంచి మనిషిని చేసిన తల్లి ఈమె" అన్నాడు. ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. పాస్టరుగారు తల ఊపి, "అక్కగారు రెండు మాటలు చెప్పల్ల" అని నా వైపు చూశారు. నేను లేవలేదు. లేస్తే ఏం చెప్తానో నాకే తెలియదు. భోజనాలకు కూర్చోకుండా అదే ఆటోలో వెనక్కి వచ్చేశాను. 

ముప్పై ఏళ్లు నర్సింగు పిల్లలకు శరీర నిర్మాణం చెప్పినదాన్ని. కోపం వచ్చినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో నాకు బాగానే తెలుసు. రెండు మూత్రపిండాల మీద టోపీలు పెట్టినట్టు రెండు చిన్న గ్రంథులుంటాయి. వాటి లోపలి భాగం ఒక రసాన్ని నేరుగా రక్తంలోకి వదుల్తుంది. గుండె దడదడలాడుతుంది, నోరు ఎండుతుంది, చేతులు వణుకుతాయి. కాసేపటికి ఆ రసం విరిగిపోతుంది, మనిషి మామూలవుతాడు. పిల్లలకు అట్లాగే చెప్పాను. కానీ నాకు ఆ రోజు వచ్చిన కోపం నంద్యాల దాటినా పోలేదు, కడప వచ్చినా పోలేదు. వారమైంది. అందుకే ఇది రాస్తున్నాను. సామేలు చదువుతాడని తెలిసే రాస్తున్నాను.

మా అమ్మ పేరు సుగుణమ్మ. సామేలు ఎరగని అమ్మ ఒకామె ఉండేది, ఆమెను ముందు చెప్పాలి. కోడి కూయకముందే లేచి విసుర్రాయి ముందు కూర్చునేది. జొన్నలు విసురుతూ కీర్తన ఎత్తుకుంటే పక్కింటి వాళ్లకు అదే మేలుకొలుపు. గొంతు బొంగురుగా, బలంగా ఉండేది. వెలుగొచ్చేసరికి ఇల్లంతా రొట్టెల చప్పుడు. రెండు అరచేతుల మధ్య రొట్టెను తిప్పుతూ తట్టే ఆ చప్పుడు, పెనం మీద మాడే జొన్నపిండి వాసన, వెల్లుల్లి వేసి నూరిన పచ్చికారం ఘాటు, ఇవన్నీ కలిస్తేనే మా ఇంట్లో పొద్దు పొడిచినట్టు. నేరేడు పండు రంగు మనిషి. ఆముదం రాసి బిగించి కట్టిన కొప్పు పిడికిలికి పట్టేది కాదు. పత్తి తీసేటప్పుడు ఆమెతో సమానంగా సాలు పట్టడానికి కూలీలు వెనకాడేవాళ్లు. నాయన దావీదు మెత్తని మనిషి, నాలుగెకరాల సేద్యం, ఎవరేం చెప్పినా "అట్లనే కానీ" అనేవాడు. ఆయన అక్కే దీనమ్మత్త. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. ఆమె దగ్గర ఎప్పుడూ నశ్యం వాసన వచ్చేది. రేకు డబ్బీ మూత వేలితో రెండుసార్లు తట్టి, చిటికెడు పీల్చి, కళ్లు చెమర్చి, అప్పుడు గానీ మాట మొదలుపెట్టేది కాదు. పనిమంతురాలే. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో ఆమెకు రెండో స్థానం. అది ఆమెకు ఎంత బాధగా ఉండేదో నాకు ఆ వయసులో తెలియలేదు.

నాకు పదకొండేళ్లప్పుడు సామేలు పుట్టాడు. ఎండాకాలం, పొద్దున్నించీ నొప్పులు. మంత్రసాని వచ్చింది. మధ్యాహ్నానికి బిడ్డ ఏడుపు వినబడింది, నేను తలుపు సందులోంచి చూశాను. బిడ్డ బయటపడ్డాడు గానీ మాయ పడలేదంట. నులకమంచం అల్లికలోంచి రక్తం ధారగా నాపరాళ్ల మీదికి కారుతోంది. రాళ్ల సందుల వెంట పారి గడప దాకా వచ్చింది. మంత్రసాని చేతులెత్తేసి "ప్రభువా, ప్రభువా" అంటూ కూర్చుంది. దీనమ్మత్త కూర్చోలేదు. మంచం కాళ్ల వైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేసింది. కడుపు మీద రెండు పిడికిళ్లూ ఆనించి ఒంటి బరువంతా వేసి నొక్కింది. "రాహేలూ, బూడిద తేయే!" అని నన్ను కేకేసింది. నేను పొయ్యిలోంచి గంపతో బూడిద తెచ్చి రక్తం మీద పోశాను. ఎప్పటికో రక్తం ఆగింది. అమ్మ మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, పెదాలు కదలడం లేదు. ఆ రోజు మా అమ్మను బతికించింది దీనమ్మత్తే. దీన్ని నేను దాచను. దాస్తే నా కోపానికి విలువ ఉండదు.

అమ్మ బతికింది. కానీ పాలు పడలేదు. మెంతులు, వెల్లుల్లి, ఎండుచేపల పులుసు, పచ్చిబొబ్బాసికాయ కూర, ఎవరేం చెప్తే అది పెట్టారు. చుక్క రాలేదు. రొమ్ములు గట్టిపడనైనా లేదు, నొప్పి కూడా రాలేదు. సామేలుకు మేకపాలలో గుడ్డవత్తి ముంచి అత్తే పెట్టింది. మొదట్లో అందరూ జాలిపడ్డారు. నెల దాటింది, మూడు నెలలు దాటాయి. అమ్మ లేవలేదు. లేచినా రెండడుగులు వేసి గోడ పట్టుకునేది. కళ్లు తిరుగుతున్నాయనేది. అప్పుడు జాలి పోయింది. "ప్రేముంటే పాలు అయ్యే వస్తాయి. బిడ్డ మీద మనసు లేనిదానికి పాలెట్ల పడతాయి?" అని అత్త ఒకరోజు నశ్యం పీలుస్తూ అనేసింది. ఆ మాట ఇంట్లోంచి బావి దగ్గరికి, బావి దగ్గర్నుంచి చర్చి మెట్ల మీదికి పోయింది. నాయన విన్నాడు. ఎద్దులను తోలుకుని చేనికి పోయాడు.

తర్వాత ఏడేళ్లు మా ఇల్లు ఎట్లా నడిచిందో చెప్తాను. విసుర్రాయి ముందు అత్త కూర్చుంది. దినుసుల గది తాళంచెవి అత్త బొడ్లోకి పోయింది. అమ్మ ఒక మూల మంచంలో, మే నెల ఎండల్లో కూడా గొంగళి కప్పుకుని ఉండేది. మేమంతా చెమటలు కారుతూ వేపచెట్టు నీడకు పరిగెత్తే మిట్టమధ్యాహ్నం, అమ్మ గొంగళి ఈడ్చుకుంటూ బయటికి వచ్చి, కాలు పెడితే బొబ్బలెక్కే నాపబండ మీద పడుకునేది. "సలి పెడతాండాది" అనేది. నవ్వకుండా ఎవరుంటారు? వీధిలో పిల్లలు ఆమెకు తొండ అని పేరు పెట్టారు. నేరేడు పండు రంగు పోయి, మైనం పూసినట్టు పాలిపోయింది. ఎండలో పడుకున్నా నల్లబడేది కాదు. "కూసోని తింటాంటే ఎవురైనా తెల్లగైతారు" అంది అత్త. కొప్పు పలచబడింది, కనుబొమ్మల చివర్లు రాలిపోయాయి. గొంతు మారిపోయింది. ఒక మాట అడిగితే జవాబు రావడానికి చాలాసేపు పట్టేది, వచ్చే మాట కూడా సాగి సాగి వచ్చేది. అంతసేపు ఎవరికి ఓపిక? అడిగిన వాళ్లు వెళ్లిపోయాక అమ్మ జవాబు చెప్పేది, గోడకు. టౌన్లో ఒక ఎల్లెంపీ డాక్టరుకు చూపిస్తే నాడి పట్టుకుని, "జబ్బేం లేదు, రక్తం తక్కువ, మనసు బాగలేదు, పని చెప్తే అదే సర్దుకుంటుంది" అని ఎర్ర టానిక్కు రాసిచ్చాడు. ఆ మాట అత్తకు చాలు. అమ్మను లేపి బలవంతంగా విసుర్రాయి ముందు కూర్చోబెట్టింది. అమ్మ రెండు చుట్లు తిప్పి పిండి మీదికే ఒరిగిపోయింది. "నాటకం" అంది అత్త.

నేనేం తక్కువ తినలేదు. అది కూడా రాస్తాను. ఆరో తరగతి నుంచి నన్ను మిషను బడి బోర్డింగులో వేశారు. సెలవులకు తీసుకుపోవడానికి ఒకసారి అత్త వచ్చింది. ఇస్త్రీ మడతల చీర, చేతిలో బైబిలు, గట్టి నడక. వార్డెనమ్మ "రాహేలూ, మీ అమ్మా?" అని అడిగింది. నేను "ఔనమ్మా" అన్నాను. అత్త సరిదిద్దలేదు. ఇద్దరం చేతులు పట్టుకుని బస్సు దాకా నడిచాం. ఇంటికి పోయి అమ్మ గొంగళి లాగి కింద పడేసి, "నీ వల్లే నేను అబద్ధమాడాల్సొచ్చె" అని అరిచాను. అమ్మ వంగి గొంగళి తీసుకోబోయి, తీసుకోలేక, మంచం అంచు పట్టుకుని నిలబడింది. నేను తీసివ్వలేదు. సామేలు అప్పటికి మాటలు నేర్చాడు. అత్తను అమ్మా అనేవాడు. అమ్మను "ఆమె" అనేవాడు. "ఆమె పండుకుండాది" అనేవాడు.

రాజధాని హైదరాబాదుకు తరలిపోయి, కర్నూల్లో గుడారాలు వేసిన మైదానాలు మళ్లీ బోసిపోయిన కాలంలో నేను నర్సింగులో చేరాను. తెల్లచీర, మోచేతి దాకా చేతుల రవిక, పొద్దున వార్డుల్లో బెడ్‌పాన్లు, మధ్యాహ్నం పాఠాలు. శరీర శాస్త్రం చెప్పడానికి ఒక డాక్టరమ్మ వచ్చేది. పొట్టి మనిషి, వెంట్రుకలు నెరిశాయి, సుద్దముక్క పట్టుకుంటే పటం అచ్చు గుద్దినట్టుండేది. ఒకరోజు మనిషి బొమ్మ వేసి, నాళాలు లేని గ్రంథులన్నింటినీ అందులో గుర్తుపెట్టింది. గొంతు ముందర రెండు రెక్కల గ్రంథి. ఒళ్లు వెచ్చగా ఉండాలన్నా, మనిషి చురుగ్గా కదలాలన్నా దాని రసమే కావాలి. దాని వెనక జొన్నగింజలంత నాలుగు, ఎముకల సున్నాన్ని చూసుకునేవి. జీర్ణాశయం వెనక అడ్డంగా పడుకున్నది, రక్తంలో చక్కెరను అదుపులో పెట్టేది. మూత్రపిండాల మీద రెండు. వాటి పైపొర రసం లేకపోతే మనిషి జ్వరానికి గానీ దెబ్బకు గానీ తట్టుకోలేడు. ఆడవాళ్లకు గర్భాశయానికి రెండు పక్కలా రెండు. ఆఖరుకు తల లోపల, మెదడు కింద, ఎముకలో గుర్రపు జీను లాంటి గుంట గీసి, ఆ గుంటలో కాడకు వేలాడే ఒక చుక్క పెట్టింది.

"ఇది ఎంతుంటుందో తెలుసా? శనగగింజంత" అంది డాక్టరమ్మ. "కానీ మిగతా అన్నింటికీ ఇదే మేస్త్రీ. దీని ముందుభాగం నుంచి కబురు పోతేనే గొంతులోది పనిచేస్తుంది, మూత్రపిండాల మీదివి పనిచేస్తాయి, నెలసరి వస్తుంది, పాలు పడతాయి. గర్భంతో ఉన్నప్పుడు ఈ ముందుభాగం బాగా ఉబ్బుతుంది. దానికి రక్తం తెచ్చే నాళాలు మాత్రం సన్నవి. కాన్పులో రక్తం కుండలు కుండలు పోయిందనుకోండి, అన్నింటికంటే ముందు చచ్చిపోయేది ఇదే. తల్లి బతుకుతుంది. మేస్త్రీ చచ్చిపోతాడు. కూలీలకేం రోగం లేదు, కబురు రాక పడుకుంటారు. అట్లాంటి తల్లికి మొదటి గుర్తు ఏంటంటే, పాలు పడవు. తర్వాత ముట్టు రాదు. వెంట్రుకలు రాలతాయి, రంగు పాలిపోతుంది. ఎండాకాలంలో చలి అంటుంది. నిద్రపోతూనే ఉంటుంది. ఇంట్లోవాళ్లు సోమరిది అంటారు."

నా పెన్ను ఆగిపోయింది. పక్కన కూర్చున్న పిల్ల మోచేత్తో పొడిచింది. డాక్టరమ్మ ఇంకా ఏదో చెప్తోంది, నాకు వినబడలేదు. క్లాసు అయ్యాక వెనకాలే పరిగెత్తాను. "డాక్టరమ్మా, మందుందా?" అన్నాను. ఆమె నా మొహం చూసి, "ఎవరికి?" అంది. "మా అమ్మకు." "ఎన్నేళ్లయింది?" "ఏడు." డాక్టరమ్మ చేతిలోని సుద్దముక్క జేబులో వేసుకుంది. "మందుంది. ముందు తీసుకురా" అంది. చాలా ఏళ్ల తర్వాత నేను తెలుగులో పాఠాలు చెప్పాల్సి వచ్చినప్పుడు, ఆ గ్రంథికి మనవాళ్లు పీయూష గ్రంథి అని పేరు పెట్టారని తెలిసింది. పీయూషమంటే అమృతమని అందరూ చెప్తారు. ఈనిన ఆవు తొలిపాలకు కూడా ఆ మాటే. ఆ పేరు బోర్డు మీద రాసినప్పుడల్లా మేకపాలలో ముంచిన గుడ్డవత్తి గుర్తొచ్చేది.

మర్నాడే సెలవు పెట్టి ఊరికి పోయాను. అత్త పెరట్లో మిరపకాయలు ఎండబెడుతోంది.

"అత్తా, సామేలు పుట్టినాంక అమ్మ ఒక్కసారన్నా బయట చేరిందా?" అని అడిగాను.

"ఏం మాటలే అవి? కర్నూలు పోయి ఇవేనా నేర్చుకుంటాండావు?"

"చెప్పత్తా."

"ల్యాదు. ఒక్కసారి గూడ ల్యాదు. పాటుపడే ఒళ్లయితే గదా" అంది.

నాయన ఎద్దులను కట్టేసి వచ్చాడు. "అమ్మను కర్నూలుకు తీస్కపోతా నాయనా. ఆమెకు జబ్బుండాది" అన్నాను.

"ఏం జబ్బు పాపా? డాక్టరు ఏం ల్యాదనె గదా."

"తలలో శనగగింజంత కండ ఒకటి చచ్చిపోయింది. ఆ పొద్దు అంత రక్తం పోయె గదా, అప్పుడు."

అత్త నవ్వింది. "సోమరితనానికి గూడ మందు కనిపెట్టినారా మీ డాక్టర్లు? నీకు కానొచ్చిందా, తల లోపలిది?"

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏడేండ్లు మనిషిని కుక్క కంటే హీనంగా సూసినారే, మీ కండ్లకేం కానొచ్చిందత్తా?" అని కేకలు పెట్టాను. ఇరుగుపొరుగు గోడ మీదికి వచ్చారు. నాయన నేల చూస్తూ, "అట్లనే కానీ, తీస్కపో" అన్నాడు. ఆ "అట్లనే కానీ" మీద నాకు ఇప్పటికీ కోపమే. ఏడేళ్ల క్రితం ఏ డాక్టరమ్మ దగ్గరికన్నా తీసుకుపోవడానికి ఒక్కసారి ఆ మాట అనుంటే!

ఆస్పత్రిలో డాక్టరమ్మ స్టూలు లాక్కుని అమ్మ మంచం పక్కన కూర్చుంది. "ఏముందమ్మా నీకు? చెప్పు" అంది. అమ్మ పెదాలు కదిలాయి. మాట రాలేదు. నేను జవాబు అందించబోతే డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది. కాసుకుని కూర్చుంది. వార్డులో ఫ్యాను చప్పుడు తప్ప ఏం లేదు. ఎంతోసేపటికి అమ్మ, "సలి... సత్తువ ల్యాదు... బిడ్డకు పాలియ్యలేకపోతి" అంది. ఆ ఏడేళ్లలో ఆమె జవాబు పూర్తయ్యేదాకా కూర్చున్న మొదటి మనిషి ఆ డాక్టరమ్మే. చంకలు చూసింది, వెంట్రుక లేదు. బీపీ చూసి మళ్లీ చూసింది. మద్రాసుకు మనిషిని పంపించి, మూత్రపిండాల మీది గ్రంథుల రసానికి బదులుగా ఇచ్చే కార్టిజోన్ మాత్రలు తెప్పించింది. గొంతు గ్రంథి మాత్రలు అక్కడే ఉన్నాయి కదా, ముందు అవి మొదలుపెట్టొచ్చు కదా అని ఒక చిన్న డాక్టరు అంటే గట్టిగా కసిరింది. "ముందు అది ఇస్తే ఈమె తట్టుకోలేక పోతుంది. ముందు కార్టిజోన్, తర్వాతే అది. రాసిపెట్టుకో" అంది. నేనూ రాసిపెట్టుకున్నాను. ముప్పై ఏళ్లు ఆ మాట పిల్లల చేత వల్లె వేయించాను.

నాలుగో రోజున అమ్మ ఆకలి అంది. మేమందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పదో రోజున తనే లేచి పంపు దాకా నడిచింది. నెల తిరిగేసరికి గొంతులో పాత బొంగురు వచ్చింది. గొంగళి మడిచి తలకింద పెట్టుకుంది. ఇవన్నీ నేను ఊహించినవే. ఊహించనిది ఒకటుంది. అమ్మకు కోపం వచ్చింది. ఏడేళ్లు కోప్పడ్డానికి కూడా ఒంట్లో రసం లేని మనిషి. ఒకరోజు నాయన చూడ్డానికొచ్చి, "బాగుండావా?" అని నసిగితే, అమ్మ లేచి కూర్చుని, వార్డంతా వినబడేలా, "ఇప్పుడొచ్చి అడుగుతాండావా? ఏడేండ్లు యాడికి పోయింటివి? ఒకే ఇంట్లో ఉంటిమి గదా!" అంది. నాయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

ఇంటికి పోయినాక అమ్మ విసుర్రాయి ముందు కూర్చుంది. తాళంచెవి అడిగింది. అత్త ఇచ్చింది, ఇవ్వక తప్పలేదు. సామేలును స్నానానికి పిలిస్తే వాడు అత్త కొంగు వెనక దాక్కున్నాడు. "వాడు నా కొడుకు వదినా, పంపించు" అంది అమ్మ. అత్త పంపింది గానీ, ఆ రోజు అన్నం తినలేదంట. మాత్రలు నేను నెలనెలా పొట్లం కట్టి మా ఊరి వైపు పోయే బస్సు కండక్టరు చేతికిచ్చేదాన్ని. నాయన తీసుకుని, అలవాటు కొద్దీ అత్తకు ఇచ్చేవాడు. ఆమె అమ్మకు ఇచ్చేది. మాత్ర ఒక్కరోజు కూడా తప్పకూడదని నేను అందరికీ చెప్పే వచ్చాను.

అయిదో నెల పొట్లం రాలేదని అత్త అమ్మకు చెప్పింది. "మీ పాప మరిసినట్టుండాది" అంది. నాలుగు రోజులకు వాంతులు, తర్వాత జ్వరం, తర్వాత పలకలేదు. ఎద్దులబండిలో రోడ్డు దాకా, బస్సులో కర్నూలు దాకా తెచ్చారు. డ్యూటీలో ఉన్న నాకు స్ట్రెచరు మీద మా అమ్మ కనబడింది, చెయ్యి పట్టుకుంటే నాడి దొరకలేదు. డాక్టరమ్మ నరంలోకి ఇంజక్షను ఇచ్చి, గ్లూకోజు సెలైను పెట్టించి, "మాత్రలు ఎవరు ఆపారు?" అని అరిచింది. నాకు తెలియదు. పంపించానని మాత్రం తెలుసు.

వరండాలో అత్త నాపబండ మీద కూర్చుని ఉంది. నశ్యం డబ్బీ చేతిలో ఉంది గానీ తట్టడం లేదు. నేను ముందు నిలబడ్డాను. అడక్కముందే చెప్పింది.

"నేనే దాచిపెడ్తి. దూలం మీద ఉండాది పొట్లం."

"ఎందుకత్తా?"

"నిజంగా జబ్బో కాదో సూద్దామని. మాత్రలు ల్యాకున్నా లేసి తిరుగుతాదనుకుంటి. తిరిగితే, ఇన్నేండ్లు నేనన్నమాట నిజమే అయితాది గదా." డబ్బీ పక్కన పెట్టి, "బిడ్డ నన్ను అమ్మా అనేది మానుకుంటాండె పాపా" అంది.

ఆ చివరి మాటకు జాలిపడాలని ఎవరైనా అంటే, పడండి. నేను పడలేదు. అప్పుడూ పడలేదు, ఆమె పోయిందని తెలిసినప్పుడూ పడలేదు. ఒక మనిషి చచ్చిపోతుందా లేదా అని పరీక్ష పెట్టి చూసిన మనిషి ఆమె, అదీ తన చేతులతో ఒకసారి బతికించిన మనిషినే.

అమ్మ బతికింది. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు బతికింది. మాత్రలు ఎవరి చేతికీ ఇవ్వలేదు, రవికలో సంచీ కుట్టించుకుని అందులో పెట్టుకునేది. అత్తను ఇంట్లోంచి పొమ్మనలేదు, ఆమె చేతి ముద్ద కూడా తినలేదు. సామేలుకు చెప్తానని నేను ఎన్నోసార్లు ఎగిరాను. "వద్దు. చెప్తే వానికి ఇద్దరూ ల్యాకుండా పోతారు" అంది అమ్మ. ఆ మాటకు కట్టుబడి ఇన్నేళ్లు నోరు మూసుకున్నాను. సామేలూ, ఇప్పుడు నీకు యాభై దగ్గర పడుతోంది. మన అమ్మకు నీ మీద ధ్యాస లేదని నువ్వు వందమంది ముందు చెప్పావు. ఆమెకు లేనిది ధ్యాస కాదు, శనగగింజంత కండ. నిన్ను కనడంలోనే అది పోయింది.

ఇప్పుడు కడపలో మా వీధి చివర్నే ల్యాబు ఉంది. చెంచాడు రక్తం ఇస్తే సాయంత్రానికి ఏ గ్రంథి రసం ఎంతుందో కాగితం మీద వచ్చేస్తుంది. మొన్న నా రక్తం ఇవ్వడానికి పోతే, ఒక పిల్లను ఆమె అత్తగారు తీసుకొచ్చింది. చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని ఆ పిల్ల తూగుతోంది. "ఎప్పుడూ పండుకునుంటాది మేడమ్, ఊరికే ఒళ్లు బరువు" అని అత్తగారు కౌంటరులో చెప్తోంది. మిషన్లు మారాయి గానీ ఆ మాట మారలేదు. నేను ఆమెను నలుగురిలో నిలబెట్టి కడిగేశాను. నాకు మర్యాద తెలియదనుకుని ఉంటుంది. అనుకోనీ. ఆ ఏడేళ్లలో కోప్పడవలసిన చోట నేను కోప్పడలేదు. అది నాకే తెలుసు.

ఆ రెండోసారి ఆస్పత్రిలో, అమ్మ తేరుకున్న మూడో రోజున, నేను మాత్ర, గ్లాసు పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను. యూనిఫారంలో ఉన్నాను, అమ్మను కాపాడిన కూతుర్ని అని వార్డంతా చెప్పుకుంటున్నారు. "ఇన్నేండ్లు నాకన్నా ఒక్క మాట చెప్పకపోతివేమ్మా?" అన్నాను. చిన్నపిల్లవు, నీకేం తెలుసు అంటుందని, అని నన్ను విడిచిపెడుతుందని ఆశపడ్డాను.

అమ్మ నా మొహంలోకి చూసింది.

"చెప్తి" అంది. "నువ్వు బోర్డింగుకు పోయే పొద్దు, నీకు జడేస్తా చెప్తి. పాపా, నా ఒళ్లు నా మాట ఇనడంల్యా, నాకేందో అయిండాది, మీ నాయనకు చెప్పు అంటి. నువ్వు ఊ అంటివి. బండెక్కి పోతివి."

నాకు గుర్తు లేదు. ఆ రోజూ రాలేదు, ఇప్పటికీ రాలేదు. ఆ బండి గుర్తుంది, రేకు పెట్టె గుర్తుంది, జడకు కట్టిన ఎర్ర రిబ్బను గుర్తుంది. ఆ మాట గుర్తు లేదు.

అమ్మ చెయ్యి చాపింది. "టైమైండాది గదా, మాత్ర ఇయ్యి" అంది. ఇచ్చాను. మింగి నీళ్లు తాగింది. ఖాళీ గ్లాసు కోసం నేను చెయ్యి చాపి కూర్చున్నా, తనే వంగి కిటికీ గట్టు మీద పెట్టుకుంది.